పగిలిన పెదవులకు ఉమ్ము మందు కాదు

సంపాదకుడికి,

ఆదిలాబాద్, లంబసింగి చలిగాలికి పెదవులు పగలగానే నాలుకతో తడపడం మొదలవుతుంది. అసలు చెరుపు అక్కడే. పెదవి చర్మం పల్చన, నూనె గ్రంథులు దాదాపు ఉండవు. ఉమ్ము ఆరుతూ ఉన్న తేమనూ లాగేస్తుంది. పిల్లల మూతి చుట్టూ ఎర్రటి వలయంలా కనిపించేది చాలాసార్లు ఈ అలవాటే.

పడుకునే ముందు గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన మెత్తటి గుడ్డను రెండు నిమిషాలు పెదవులకు అద్దండి. తడి ఆరకముందే శనగగింజంత వాసన లేని వాజలిన్ రాయండి. పగలు తిన్న ప్రతిసారీ మళ్లీ రాయాలి. పొడి పెదవికి రాస్తే పట్టి ఉంచడానికి తేమే ఉండదు. నెయ్యి ఫరవాలేదు, కానీ రుచికి నాకేస్తారు! లేచిన పొట్టు పీకితే రక్తం వస్తుంది, చిన్న కత్తెరతో కత్తిరించండి. మెంథాల్, కర్పూరం ఉన్న బామ్‌లు చల్లగా అనిపించినా మంట పెంచుతాయి. ఎండలో పనిచేసేవారికి ఎండదెబ్బ నుంచి చర్మాన్ని కాపాడే ఎస్‌పీఎఫ్ 30 బామ్ అవసరం.

నోటి మూలలు చీలితే సంగతి వేరు. ఫంగస్ గానీ, ఐరన్, బి2 విటమిన్ లోపం గానీ కారణం కావచ్చు, వాజలిన్ ఒక్కటే చాలదు. చుట్ట తాగేవారి కింది పెదవిపై మూడు వారాలైనా మానని పుండు ఉంటే వెంటనే డాక్టరుకు చూపించండి.

– ఒక చర్మవైద్యుడు, విశాఖపట్నం