నాగాయలంక అన్నలకి మా గేలం బ్యాచ్ తరఫున థ్యాంక్స్

నాగాయలంక వైపు నుంచి వచ్చి మమ్మల్ని ఒడ్డుకి చేర్చిన రెండు పడవల వాళ్లకి ముందుగా పెద్ద నమస్కారం. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు.

మేం విజయవాడ, గుంటూరు నుంచి సన్న లైను, తేలిక రాడ్లతో పడవ మీద గేలం వేసే వాళ్లం. ఎప్పుడూ మంచినీళ్లలో కొరమీను కోసం తిరుగుతాం గానీ, అప్పుడప్పుడు కృష్ణ సముద్రంలో కలిసే చోట మడ అడవుల పక్క పాయల్లోకి పండుగప్ప కోసం వెళ్తుంటాం. కార్తీకం అయ్యేదాకా ఇంట్లో చేప ఊసెత్తనివ్వరు కదా, అందుకని పోలిపాడ్యమి మర్నాడే బయల్దేరాం. అమావాస్య వెళ్లిన వెంటనే కావడంతో పోటు ఎంత ఎక్కిందో పాటు (నీరు సముద్రంలోకి వెనక్కి తీయడం) కూడా అంత గట్టిగా లాగుతోంది, సరిగ్గా అప్పుడే ఎక్కడి నుంచో కొట్టుకొచ్చిన తెగిన వల ముక్క నీళ్లలో తిరిగే ఇంజన్ ఫ్యానుకి చుట్టుకుంది. ఇంజన్ ఆగిపోయింది. లంగరు వేస్తే బురదలో పట్టు దొరకలేదు, పడవ సముద్రం వైపు జారుతోంది, ఒకటే టెన్షన్. కోస్ట్ గార్డ్ నంబరు 1554 అందరికీ నోటికొచ్చు, టవరే లేనప్పుడు ఏ నంబరైతే ఏం లాభం!

చొక్కాలు ఊపడం చూసి, ఎత్తుతున్న వల సగంలో వదిలేసి వచ్చారు వాళ్లు. వల వదిలి రావడమంటే ఆ పూట సంపాదన వదులుకోవడమే, అది మర్చిపోలేం. మా పడవకి తాడు కట్టి ప్రవాహానికి ఎదురు లాగకుండా, ఏటవాలుగా మడ చెట్ల చాటుకి, నీటి వడి తక్కువున్న చోటికి తీసుకెళ్లారు. ఒకాయన నీళ్లలో దిగి కత్తితో వల కోశాడు. "పోటు తిరిగేదాకా ఇక్కడే ఉండండి బాబూ, ఇప్పుడు ఎదురెళ్తే ఆయిలు దండగ" అని చెప్పి, వాళ్ల కోసం తెచ్చుకున్న అన్నం, రొయ్యల కూర మాకే పెట్టారు. పెద్ద పండుగప్ప పడితే వదిలేస్తామని చెబితే మాత్రం పడీ పడీ నవ్వారు. ఈ చేప మగదిగా పెరిగి తర్వాత ఆడదిగా మారుతుంది, పెద్దవి ఎక్కువగా గుడ్లు పెట్టేవేనని చెప్పాం. "మీకు జరుగుబాటు ఉంది, వదులుతారు" అన్నాడు అందులో పెద్దాయన. కాదనలేకపోయాం.

గుంటూరులో అదే రాత్రి షాపు తెరిచిన మెకానిక్ గారికీ థ్యాంక్స్. వల దారం ఫ్యాను వెనక్కి దూరి, గేర్లలోకి నీళ్లు రాకుండా ఆపే సీలు కోసేసింది, నీళ్లు చేరి గేర్ ఆయిల్ పాలలా తెల్లబడింది. అలాగే నడిపి ఉంటే గేర్లు పోయేవట. కాబట్టి దారం చుట్టుకుంటే పైపైన కోసి ఊరుకోకండి, ఫ్యాను విప్పించి చూడండి.

డబ్బు ఎంత బతిమాలినా తీసుకోలేదు. మమ్మల్ని లాగడంలో వాళ్ల తాడు నలిగిపోయింది, కొత్తది తెస్తే తీసుకుంటామన్నారు. వచ్చే ఆదివారం ఇచ్చి వస్తాం, బ్యాచ్‌లో వాటా వేయని వాళ్లు గురువారంలోగా వేసేయండి.