ఏజెంట్ పోగొట్టిన డబ్బుకు బాధ్యులెవరు?

సంపాదకులకు నమస్కారం.

ఇక మన పనులన్నీ బ్రౌజరే చూసుకుంటుందంటూ పోయిన వారం మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. టికెట్లు బుక్ చేస్తుందట, మెయిళ్లకు జవాబులిస్తుందట, కరెంటు బిల్లు కట్టేస్తుందట. ముప్పు గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. రిటైరయ్యేదాకా బ్యాంకు కౌంటర్లో కూర్చున్నవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

మన బదులు తానే పేజీలు తెరిచి, నొక్కి పనులు చక్కబెట్టే ఈ ఏఐ ఏజెంట్ పనిచేసేది మనం లాగిన్ అయి ఉన్న బ్రౌజర్లోనే. మెయిలు, బ్యాంకు, డిజీలాకర్ ఏది తెరిచి ఉంటే అది దాని చేతిలో ఉన్నట్టే. పైగా మనం చెప్పిన మాటనూ, పేజీలో ఎవడో రాసిపెట్టిన మాటనూ అది కలిపే చదువుతుంది. ఏది ఎవరి మాటో దానికి గట్టిగా తెలియదు. తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలతో ఆదేశం రాస్తే మన కంటికి ఆనదు, అది మాత్రం చదివి ఆ పని చేసేసే ప్రమాదం ఉంది. దీన్ని ప్రాంప్ట్ ఇంజెక్షన్ అంటున్నారు.

2025 ఆగస్టులో బ్రేవ్ అనే బ్రౌజర్ సంస్థ వాళ్లు, పర్‌ప్లెక్సిటీ కంపెనీ తెచ్చిన కామెట్ అనే ఏఐ బ్రౌజర్ మీద దీన్ని చేసి చూపించారు. రెడిట్ అనే చర్చల సైటులో ఒక కామెంటులో, నొక్కితే తప్ప కనబడని చోట ఆదేశాలు దాచారు. యూజర్ అడిగింది పేజీ సారాంశం ఒక్కటే. ఏజెంట్ అతని పర్‌ప్లెక్సిటీ అకౌంటులోకి వెళ్లి మెయిల్ ఐడీ తీసుకుంది, ఓటీపీ రప్పించింది, జీమెయిల్ తెరిచి దాన్ని చదివింది, రెండూ తెచ్చి ఆ కామెంటుకే రిప్లైగా పెట్టేసింది. అతను ఓటీపీ ఎవరికీ చెప్పలేదు!

తయారుచేసేవాళ్లే దాచడం లేదు. ఆంత్రోపిక్ అనే ఏఐ సంస్థ క్రోమ్ బ్రౌజర్లో పనిచేసే తన ఏజెంట్ మీద ఇలాంటి దాడులు జరిపి చూస్తే 23.6 శాతం ఫలించాయి. రక్షణలు పెట్టాక కూడా 11.2 శాతం. వంద దొంగ చెక్కుల్లో పదకొండు పాస్ చేసే క్లర్కును ఏ మేనేజరైనా కౌంటర్లో ఉంచుతాడా? తర్వాత బాగా తగ్గించామంటున్నారు, కానీ సున్నా అని ఎవరూ అనడం లేదు. అట్లాస్ అనే ఇలాంటి బ్రౌజరే తెచ్చిన, చాట్‌జీపీటీ తయారీ సంస్థ ఓపెన్ఏఐ భద్రతాధికారి కూడా ఇది ఇంకా తేలని సమస్యేనని ఒప్పుకున్నారు.

నా బాధ డబ్బు పోయినవాడి గురించి. రిజర్వు బ్యాంకు 2017 జులైలో సర్క్యులర్‌తో తెచ్చిన నిబంధన ప్రకారం ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయిందంతా అతనిదే. ఏజెంటుకు బ్రౌజర్ అప్పగించడం నిర్లక్ష్యమా, కాదా? రేపు బ్రాంచిలో ఈ ప్రశ్న వేస్తే జవాబు చెప్పేదెవరు? ఇంతలో చాట్‌జీపీటీలోనే యూపీఐతో చెల్లించే ప్రయోగాన్ని, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబరులో ప్రకటించింది కూడా.

మా ఊళ్లో రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుటి నెట్ సెంటర్లో పిల్లల కాలేజీ దరఖాస్తులు ఇలాంటి బ్రౌజరే నింపుతోంది. ముందు వచ్చినవాళ్ల మెయిలు లాగౌట్ కూడా చేయరు. అడిగితే ‘ఏం కాదు సార్’ అంటారు. అధికారులేమో ఓటీపీ చెప్పొద్దన్న పోస్టరు అంటించి చేతులు దులుపుకుంటారు. ఏ కొత్త మోసమైనా ఇంతే, జనం మునిగాక గానీ సర్క్యులర్ రాదు.

డబ్బు కదిలే ముందు మనిషి తన ఫోనులో విడిగా ఒప్పుకుంటేనే లావాదేవీ జరిగేలా బ్యాంకులు చూడాలి. ఏజెంట్ చేసిన లావాదేవీలో నష్టం ఎవరు భరించాలో రిజర్వు బ్యాంకు రాతపూర్వకంగా చెప్పాలి. అందాకా పాఠకులు ఏజెంటుకు బ్రౌజర్లో ఏ లాగిన్లూ లేని వేరే ప్రొఫైల్ పెట్టుకోండి, ఏ పనికైనా ముందు ప్రతిసారీ మనల్ని అడగమనే సెట్టింగు తీసేయకండి. బ్యాంకు పని మీ చేత్తోనే చేసుకోండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి.

– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, తెనాలి