నూరంతల లెక్కలో వదిలేస్తున్న మాట

సంపాదకులకు,

ప్రియమైనది దేవుని చేతికి అప్పగిస్తే నూరంతలు తిరిగొస్తుందన్న మాట ఆధ్యాత్మిక పేజీల్లో తరచూ కనిపిస్తోంది. దీనికి చూపే ఆధారం బైబిల్లోని మార్కు సువార్త 10వ అధ్యాయం, 30వ వచనం. అదే వచనంలో ఆ నూరంతలు ‘హింసలతో పాటు’ వస్తాయని కూడా ఉంది. ఆ ముక్క మింగేసి మిగతాది చెబుతుంటే, ఇచ్చినవాళ్లు కొన్నాళ్లు ఎదురుచూసి, ఏమీ రాలేదని దేవుడి మీదే అలుగుతారు. ఆయన ఉదారుడే. కాకపోతే ఆ ఉదారత వడ్డీ లెక్కకు దొరకదు.

సారెపతు ఊరి విధవరాలి సంగతే చూడండి (మొదటి రాజులు 17). వానల్లేని కరవు రోజులు. తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కాస్త నూనె, పొయ్యిలోకి రెండు పుల్లలు. అది తిని కొడుకుతో సహా చావడమే అనుకుంటున్న ఆమెను, ముందు తనకో చిన్న రొట్టె చేసి తెమ్మన్నాడు ఏలీయా ప్రవక్త. ‘తరువాత నీకూ నీ బిడ్డకూ చేసుకో’ అని కూడా అన్నాడు. వాళ్ల వాటా తీసేయలేదు, వరుస మార్చాడు. ఆ తర్వాత తొట్టి నిండిపోయిందని చాలామంది అనుకుంటారు గానీ అలా ఎక్కడా రాసి లేదు. వాన కురిసేదాకా పిండి తక్కువ కాలేదు, నూనె అయిపోలేదు. నిండిన తొట్టిని చూసి నమ్మడం తేలిక. ఆమె పూటపూటా తొట్టి అడుగు తడుముకుంటూ నమ్మాల్సి వచ్చి ఉంటుంది.

పిల్లల్ని సేవకు మొక్కుకునేవాళ్లు హన్నా పేరు చెబుతారు. కొడుకు పుడితే దేవుడికే ఇస్తానని మొక్కుకుని, పుట్టిన సమూయేలును మందిరంలో అప్పగించిన తల్లి ఆమె. ఆమె ఎలా ఇచ్చిందో మాత్రం చూడరు. బిడ్డ పాలు విడిచేదాకా తన దగ్గరే ఉంచుకుంది. భర్త ఎల్కానా సరేనన్నాడు, భార్య మొక్కును విన్న రోజునే రద్దు చేసే హక్కు భర్తకు ఉన్నా (సంఖ్యాకాండము 30). అప్పగించాక కూడా ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లింది. అన్నిటికన్నా ముఖ్యం, తల్లి మొక్కు సరిపోయిందని దేవుడు ఊరుకోలేదు. సమూయేలును పేరు పెట్టి పిలిచాడు, జవాబు ఆ పిల్లవాడే చెప్పాడు. ఆమెకు తరువాత ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు పుట్టారు. ఆ అయిదుగురిని సమూయేలుకు బదులుగా లెక్కపెట్టడం ఏ తల్లికీ చేతకాదు. ఆస్తినీ పిల్లల్నీ పోగొట్టుకుని మళ్లీ పొందిన యోబుకూ అంతే: గొర్రెలు 7,000 నుంచి 14,000 అయ్యాయి, పిల్లలు మాత్రం మళ్లీ పదిమందే. మనుషుల విషయంలో రెట్టింపు లెక్క వేయలేదు.

ఇక తప్పు జరిగే చోట్లు. మొదటిది, ప్రార్థన కూటంలో పాటల ఉద్రేకంలో చేతులెత్తి మొక్కుకోవడం. మొక్కుకోకపోతే పాపం లేదని ద్వితీయోపదేశకాండము 23:22 స్పష్టంగా చెబుతోంది. దేవునికి ప్రతిష్ఠించిన ఇంటిని విలువకు అయిదో వంతు కలిపి విడిపించుకునే వీలూ లేవీయకాండము 27లో ఉంది. అంటే మనిషి మనసు మారుతుందని మోషే ధర్మశాస్త్రానికి ముందే తెలుసు.

రెండోది, మనది కానిది ఇవ్వడం. తల్లిదండ్రులకు దక్కాల్సినదాన్ని ‘కొర్బాను’ (దేవునికి అర్పించేశాను) అనేసి తప్పుకోవడాన్ని యేసు గట్టిగా తప్పుపట్టాడు. అప్పు తెచ్చి కానుక వేయడమూ ఆ కోవలోదే. లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టే ఇవ్వాలని పౌలు కొరింథీయులకు రాశాడు. పొలం అమ్మి సొమ్ము తెచ్చి, పేతురు ముందే పడి చనిపోయిన అననీయ సంగతి చెప్పి బెదిరించేవాళ్లు కూడా ఒకటి గమనించాలి: పొలం సొమ్ములో కొంత ఉంచుకున్నందుకు కాదు, అంతా ఇచ్చానని అబద్ధమాడినందుకే పేతురు నిలదీశాడు.

కాబట్టి పెద్దది ఏదైనా అప్పగించాలనిపిస్తే ఆ రోజే మాట ఇవ్వకండి. ఇంట్లో చెప్పండి. అందులో ఎవరి వాటా ఉందో చూడండి. తిరిగి ఏమీ రాకపోయినా ఇస్తానా అని మిమ్మల్ని మీరే అడగండి. లేదనిపిస్తే చిన్నదాంతో మొదలుపెట్టండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మీకొక మనవి: ఈసారి ఆ మార్కు వచనం అచ్చు వేసేటప్పుడు దయచేసి పూర్తిగా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు