ఇంటిపేరు కలవక ఆగుతున్న చదువులు

సంపాదకులు గారికి నమస్కారములు.

పెళ్లితో చదువు మానేసి, పిల్లలు పెద్దవాళ్లయ్యాక మళ్లీ పుస్తకం పట్టే ఆడవాళ్లకు దూరవిద్యలో ఎదురవుతున్న ఒక చిక్కును మీ పాఠకుల దృష్టికి, అధికారుల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫీజుల సంగతి, ఆదివారం తరగతుల సంగతి పత్రికల్లో అప్పుడప్పుడు వస్తూనే ఉంటాయి. ఇంటిపేరు సంగతి ఎవరూ రాయగా నేను చూడలేదు.

నేను 1996లో పదో తరగతి పాసయ్యాను. మరుసటి ఏడే పెళ్లయింది. పాతికేళ్లకు పైగా జాకెట్లు కుడుతూ, ఇద్దరు పిల్లల చదువులు ఒక దరికి చేర్చాక, ఓపెన్ స్కూల్ ద్వారా ఇంటర్ రాసి 2023లో గట్టెక్కాను. ఎకనామిక్స్ రెండుసార్లు తప్పాను. ఒకసారి చేరితే ఐదేళ్లలో తొమ్మిది విడతలు పరీక్ష రాసుకోవచ్చన్న వెసులుబాటు అక్కడ లేకపోతే నావంటిది మొదటి మెమో చూసుకుని కుట్టుమిషను ముందుకే తిరిగి వచ్చేది. ఈ రెండు మెమోల్లోనూ నాది పుట్టింటి ఇంటిపేరు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, మహిళా సంఘం ఖాతా అన్నింట్లోనూ మెట్టినింటిది. ఊళ్లో ఆధార్ నమోదు చేసిన రోజున ఆ కుర్రవాడు రేషన్ కార్డు చూసి రాసుకున్నాడు, నన్ను అడగలేదు. అడిగినా అప్పట్లో నేను అదే చెప్పి ఉండేదాన్ని.

ఇప్పుడు డిగ్రీలో చేరాలనుకున్నాను. దూరవిద్యలో డిగ్రీ చేయాలంటే 2024 నుంచి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) వారి డెబ్ ఐడీ, అంటే వారి దూరవిద్యా విభాగం ఇచ్చే నమోదు సంఖ్య, తప్పనిసరి. దానికి ముందు చదువులో వచ్చిన క్రెడిట్లను జమచేసే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ కావాలి, దానికి సర్టిఫికెట్లను ఆన్‌లైన్‌లో దాచే డిజిలాకర్ ఖాతా, డిజిలాకర్‌కు ఆధార్. గుర్తింపు లేని కోర్సుల్లో చేరి విద్యార్థులు మోసపోకుండా చేసిన ఏర్పాటు కనుక దాని ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను. అయితే నెట్ సెంటర్‌లో కూర్చున్నప్పుడు తెర మీద నా పేరు దానంతట అదే ఆధార్ నుంచి వచ్చి పడింది, మెట్టినింటి పేరుతో. "ఆంటీ, ఇది మార్చడానికి ఇక్కడ గడే లేదు" అన్నాడు ఆ అబ్బాయి. ఆ కాగితం, మెమోలు పట్టుకుని స్టడీ సెంటర్‌కు వెళితే, రెండు పేర్లూ కలవలేదు, ఆధార్ మార్పించుకుని రమ్మన్నారు. అదే రోజు అక్కడికి నాతో వచ్చిన మా మరిది పని మాత్రం పావుగంటలో అయిపోయింది.

ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి మామూలుగా రెండే అవకాశాలు. వాటిలో ఒకటి నేను 'లక్ష్మి'లోని 'క్ష'ను ఇంగ్లీషులో ఒకచోట ఎక్స్‌తోను, మరోచోట కె, ఎస్, హెచ్‌లతోను రాసిన పాపానికి ఎప్పుడో వాడేసుకున్నాను. మిగిలిన ఆ ఒక్కటీ పుట్టింటి పేరు కోసం వాడితే బ్యాంకు ఖాతా, సంఘం అప్పు కలవకుండా పోతాయి. మెమోలు మార్పించుకోవాలంటే గెజిట్, నోటరీ అంటూ మరో దారి చెప్పారు. ఏ దారిన పోయినా పెళ్లి సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వివాహాల నమోదును తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది 2002లో. మా పెళ్లి అంతకు ఐదేళ్ల ముందే అయింది. శుభలేఖ దాచుకున్నాను గాని అందులో 'చి.ల.సౌ.' తరవాత నా పేరొక్కటే ఉంది, ఇంటిపేరు లేదు. పదో తరగతి సర్టిఫికెట్ మీద గుర్తింపు చిహ్నంగా కుడి మోచేతి పుట్టుమచ్చ రాసి ఉందని అది కూడా చూపించాను. అక్కడున్నవారు నవ్వారు, నొచ్చుకునేలా ఏమీ అనలేదు, కాని ఏమీ రాసుకోలేదు కూడా. నేను వెళ్లిన కేంద్రం పేరు రాయడం లేదు. అక్కడి గుమస్తా చేతిలో ఉన్న నిబంధన అదే అయినప్పుడు ఆయన మాత్రం ఏం చేస్తారు?

పెళ్లయిన స్త్రీ ఇంటిపేరు మార్చుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పదు. మార్చేది మన వాడుక. ఆ వాడుక మీద కట్టిన కాగితాలు, చట్టం అడగని రుజువును ఈ వయసులో మమ్మల్ని అడుగుతున్నాయి. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 ఆగస్టు 26న మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే, ఆచార్య జి. రాంరెడ్డి గారు తొలి ఉపకులపతిగా మొదలైంది. ఆయనే 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ మొదటి ఉపకులపతి అయ్యారు. ఏ సర్టిఫికెట్టూ లేనివారు కూడా అర్హత పరీక్ష రాసి ఆ రోజుల్లో ఆ తొలి విశ్వవిద్యాలయంలో డిగ్రీలో చేరేవారు. కాగితం లేనివారి కోసం తెరిచిన తలుపు దగ్గర, రెండు మెమోలు చేత పట్టుకుని నిలబడిన నేను లోపలికి పోలేకపోవడమే నాకు వింతగా ఉంది.

నేను అడిగేది పెద్ద మార్పేమీ కాదు. పేరు, పుట్టిన తేదీ కలిసి, ఇంటిపేరు ఒక్కటే తేడా ఉన్నప్పుడు, భర్త పేరున్న రేషన్ కార్డుతో పాటు ఒక స్వీయ ధ్రువీకరణ పత్రాన్ని స్టడీ సెంటర్‌లోనే తీసుకుని ప్రవేశం ఇవ్వాలి. అనుమానం ఉంటే చదివిన బడి ప్రధానోపాధ్యాయుల సంతకం అడగవచ్చు. బడి రిజిస్టరులో మా పేర్లు ఇంకా ఉన్నాయి. డెబ్ ఐడీ దరఖాస్తులో 'పూర్వపు పేరు' అని ఒక గడి పెట్టడానికి యూజీసీ వారికి ఎంత ఖర్చవుతుంది? పాస్‌పోర్టుకే పెళ్లయినవారు పెళ్లి సర్టిఫికెట్ చూపనక్కరలేదని విదేశాంగ శాఖ 2016 డిసెంబరులో ప్రకటించినప్పుడు, బీఏ మొదటి సంవత్సరంలో చేరడానికి అంతకన్నా గట్టి కాపలా ఎందుకో తెలియదు. డిగ్రీ పట్టా పదో తరగతి మెమోలోని పేరుతో ఇచ్చినా మాకు అభ్యంతరం లేదు. కాగితాలు సరిచేసుకోవడానికి కనీసం మొదటి ఏడాది పరీక్షల వరకైనా గడువిచ్చి, ఈలోగా పుస్తకాలు చేతికిస్తే చదువుకుంటూ ఉంటాము.

మా వీధిలోనే నాలాగే ఆగిపోయినవారు మరో ఇద్దరున్నారు. ఒకామె అంగన్‌వాడీ ఆయా, ఇంకొకామె కూతురితో పాటు డిగ్రీ చదవాలనుకున్న తల్లి. కూతురు చేరిపోయింది. ఈసారి ప్రవేశాల గడువు ముగిసేలోగా సంబంధిత అధికారులు ఏదో ఒక వివరణ ఇప్పించేలా మీ పత్రిక చొరవ చూపాలని ముగ్గురి తరఫునా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మధిర, ఖమ్మం జిల్లా.