అందరికీ ఒకే రంగు చీర ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య మీ లేఖల శీర్షికలో ఆడపిల్లల వస్త్రధారణ గురించి వరుసగా ఉత్తరాలు వస్తున్నాయి. రాసినవారిలో ఎక్కువమంది మగవారు. ఈ తరం ఆడపిల్లలు తమ ఇష్టం వచ్చినట్టు వేసుకుంటున్నారని, కట్టూబొట్టూ పోయాయని వారందరి ఫిర్యాదు. శ్రీకాకుళం జిల్లా పాఠశాలల్లో క్రాఫ్ట్ టీచరుగా కుట్టుపని నేర్పి పదవీ విరమణ చేసి, ఇప్పటికీ ఇంటి దగ్గర జాకెట్లు కుడుతున్న నాకు కనిపిస్తున్నది దీనికి పూర్తిగా విరుద్ధం. తమ ఇష్టం వచ్చినట్టు వేసుకునే ఆడవాళ్లు మన ఊళ్లలో నానాటికీ తగ్గిపోతున్నారు. వారు తగ్గిపోవడం గురించే ఈ ఉత్తరం.

ఒకప్పుడు జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన అమ్మాయి గుడ్డను భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుని, మెడ ఎంత దించాలి, చేతులు మోచేతి దాకా ఉండాలా ఇంకా పైకి ఉండాలా, చీర అంచు ముక్కను చేతులకు వేయాలా వీపుకు వేయాలా అని నాతో చాలాసేపు వాదించేది. ఇప్పుడు వచ్చే అమ్మాయి ఫోను తీసి ఒక బొమ్మ చూపించి ‘‘అచ్చం ఇలాగే కావాలి టీచరుగారూ’’ అంటుంది. ఆ తర్వాత వచ్చిన అమ్మాయి కూడా అదే బొమ్మ చూపిస్తుంది. బొమ్మలో ఉన్నామె పొడుగరి, మెడ సన్నం, కాబట్టి ఆమెకు బోట్ నెక్ (భుజం నుంచి భుజానికి దాదాపు అడ్డంగా ఉండే మెడ) అమరింది. మెడ పొట్టిగా ఉన్న పిల్లకు అదే పెడితే తల భుజాల్లోకి దిగిపోయినట్టు కనిపిస్తుందని చెబితే, ‘‘అందరూ అదే వేసుకుంటున్నారండీ’’ అంటుంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. (బుట్ట చేతులను మా అమ్మ తరం వేసుకుంది, మా తరం చూసి నవ్వింది, ఇప్పుడు మా మనవరాళ్ల తరం కొత్తగా కనిపెట్టినట్టు కుట్టించుకుంటోంది. అందులో నాకు అభ్యంతరం లేదు, చేతి కూలి పెరిగింది.)

ఆడవారి సొంతదనం మన వైపు పెద్ద తిరుగుబాట్లలో ఎప్పుడూ కనబడలేదు, ఇలాంటి చిన్న చిన్న నిర్ణయాల్లోనే బతికింది. ఒకే కొట్టులో ఒకే తానులో కొన్న వాయిల్ చీరలను ముగ్గురు అక్కచెల్లెళ్లు కట్టుకున్నా, ఒకరు ఎర్ర జాకెట్టుతో, ఒకరు పూల జాకెట్టుతో, ఇంకొకరు మిగిలిన గుడ్డ ముక్కలు అతికి కుట్టిన జాకెట్టుతో కట్టుకునేవారు. ఎవరి చీర వారిదే అన్నట్టు ఉండేది. అరసవల్లిలో రథసప్తమినాడు దర్శనానికి నిలబడిన వరుసను చూస్తే ఈ తేడాలు ఇంకా కొంత కనిపిస్తాయి. పల్లెల నుంచి వచ్చిన ముసలమ్మలు పనికి వీలుగా బిగించి కట్టే గూడకట్టుతో ఉంటారు, సీతంపేట కొండల నుంచి వచ్చిన పెద్ద వయసు సవర స్త్రీలు నడకకు అడ్డురాని పొట్టి కట్టుతో ఉంటారు. వారి వెంట వచ్చిన కోడళ్లు, మనవరాళ్లు మాత్రం ఏ ఊరివారో, ఏ పని చేసుకునేవారో బట్టను బట్టి చెప్పలేం.

నన్ను ఈ ఉత్తరం రాయించింది ముఖ్యంగా పెళ్లి పిలుపులు. శుభలేఖ వెనకాలే వాట్సాప్‌లో ఇంకో సందేశం వస్తోంది: హల్దీకి పసుపు, మెహెందీకి ఆకుపచ్చ, సంగీత్‌కు లెహంగా, రిసెప్షన్‌కు వైన్ కలర్. పసుపు దంచడం, నలుగు పెట్టడం, మంగళస్నానం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నవే. వాటికి వచ్చిన పేరంటాళ్లు ఎవరికి ఉన్న మంచి చీర వారు కట్టుకుని వచ్చేవారు, నలుగుకు ఏ లోటూ జరిగేది కాదు. ఇప్పుడు ఫోటోలో వరుస చెడకూడదని రంగును ముందే నిర్ణయిస్తున్నారు. ఆ రంగు చీర ఇంట్లో లేకపోతే కొనాలి, దానికి జాకెట్టు కుట్టించాలి, దానిమీద మగ్గం వర్కు చేయించాలి. మగ్గం వర్కుకు అయ్యే ఖర్చు తరచుగా చీర ఖరీదును మించిపోతుంది. పోనీ మరో పెళ్లికి పనికొస్తుందా అంటే, ఆ చీరతో దిగిన ఫోటో అప్పటికే అందరి స్టేటస్‌లోనూ తిరిగింది కాబట్టి మళ్లీ కట్టుకోవడానికి మనసు రాదు.

ఖర్చు భరించగలిగిన వారి సంగతి వదిలేద్దాం. పలాస జీడి పరిశ్రమల్లో రోజుకూలికి వెళ్లే పిన్నమ్మో, మేనత్తో ఉన్న కుటుంబాలు మన జిల్లాలో లెక్కలేనన్ని. పసుపు చీర లేక హల్దీకి రాకుండా, తలంబ్రాల వేళకు వచ్చి వెనక వరుసలో కూర్చుని వెళ్లిపోయినవారిని నేను స్వయంగా చూశాను. ఎవరూ వారిని రావద్దనలేదు. పిలుపులోనే ఆ సంగతి ఉంది కాబట్టి అనవలసిన అవసరం రాలేదు. భర్త పోయిన స్త్రీకి రంగు చీర నిషేధించి, పేరంటానికి దూరం పెట్టిన కాలం మా తరానికి బాగా గుర్తు. ఆ దుర్మార్గం చాలావరకు తగ్గిందని సంతోషించేలోగా, ఫలానా రంగు లేదన్న మిషతో పేదరాలిని దూరం చేసే పద్ధతిని మనమే, చదువుకున్నవాళ్లమే, తెలిసో తెలియకో తెచ్చిపెడుతున్నాం.

దీని దెబ్బ మన నేతగాళ్ల మీద కూడా పడుతోంది. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసి, ఒంటి కదురు రాట్నం మీద 100 కౌంటు వరకు సన్నని నూలు వడికే స్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. ఆ గుడ్డ నాణ్యతకు ఆశ్చర్యపడి గాంధీగారు తన కుమారుడు దేవదాస్‌ను పొందూరు పంపి పని తీరు తెలుసుకున్నారు. అక్కడ నేసే జాందానీ (నేతలోనే చేత్తో పువ్వులు తీర్చే) చీరల్లో ఏ రెండూ అచ్చుగుద్దినట్టు ఒక్కలా ఉండవు. కానీ పాతికమంది ఆడవాళ్లకు రెండు వారాల్లో ఒకే రంగు, ఒకే అంచు చీరలు కావాలంటే చేతి మగ్గం ఎక్కడి నుంచి తెస్తుంది? సూరత్ మరమగ్గాల పాలిస్టర్ మాత్రమే తేగలదు. శ్రీకాకుళం నుంచి గంటలోపు ప్రయాణంలో అంత మంచి నూలు బట్ట పెట్టుకుని, మే నెల ఉక్కపోతలో పెళ్లి పందిట్లో జార్జెట్ చుట్టుకుని చెమటతో తడుస్తున్నామంటే అందుకు సగం కారణం ఆ ఒకే రంగు పట్టుదలే. ఖద్దరు కూడా ఒకప్పుడు అందరూ ఒకేలా కట్టిన బట్టే కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. అయితే దాన్ని కట్టినవారు ఎందుకు కడుతున్నారో తెలిసి కట్టారు, కట్టినందుకు జైలుకు వెళ్లడానికి కూడా సిద్ధపడ్డారు. డ్వాక్రా సంఘం సభ్యులు సమావేశానికి ఒకే చీరలో వెళ్లాలని తామే అనుకున్నా, అంగన్‌వాడీ కార్యకర్తలు యూనిఫాం చీర కట్టుకున్నా నాకు పేచీ లేదు, అది సంఘానికో ఉద్యోగానికో గుర్తు. పెళ్లికి వచ్చిన మేనత్త ఎవరి ఉద్యోగీ కాదు.

నలుగురిలా ఉండాలనుకోవడమే తప్పని నేను అనడం లేదు. ఇచ్ఛాపురం వైపు తీర గ్రామం నుంచో, మెళియాపుట్టి కొండల కింది ఊరి నుంచో వచ్చి శ్రీకాకుళంలో హాస్టల్లో చేరిన పిల్ల మొదటి నెలలోనే లెగ్గింగూ కుర్తీ కొనుక్కుంటుంది. అది షోకు కోసమని తల్లిదండ్రులు విసుక్కుంటారు. నిజానికి ఎవరూ తనను వేలెత్తి చూపకూడదన్న భయం ఆమెది, ఆ బట్ట ఆమెకు ఒక మరుగు. అందులో కుదురుకున్నాక, రెండో ఏడాదికో మూడో ఏడాదికో, అదే పిల్ల అమ్మ పాత చీరను తెచ్చి ‘‘దీంతో లాంగ్ ఫ్రాక్ కుట్టండి టీచరుగారూ, కొంగు ముందుకు రావాలి’’ అని సొంత ఆలోచన చెబుతుంది. జర్మన్ సామాజికవేత్త గేయార్గ్ సిమ్మెల్ 1904లోనే దీన్ని గురించి రాశాడు. గుంపులో కలవాలన్న కోరిక, గుంపు నుంచి వేరుగా కనిపించాలన్న కోరిక రెండూ కలిస్తేనే ఫ్యాషన్ పుడుతుందని, వాటిలో ఏది లేకపోయినా అది నిలవదని ఆయన వాదన. నా అనుభవంలో అది సరిగ్గానే ఉంది. కలవడానికి కావలసినంత అవకాశం ఇస్తున్నాం, వేరుగా కనిపించడానికి మాత్రం చోటు మిగల్చడం లేదు.

సంప్రదాయం పోయిందని రాసిన పెద్దలకు నైటీ సంగతి గుర్తు చేయాలి. పడుకునేటప్పుడు వేసుకునే బట్టగా వచ్చిన నైటీని మన ఆడవాళ్లు ఎవరినీ అడగకుండా పగటి బట్టగా మార్చుకున్నారు. వంటకు, గిన్నెలు తోమడానికి, బట్టలు ఉతకడానికి, చంటిపిల్లకు పాలివ్వడానికి హాయిగా ఉందని, దుకాణం దాకా వెళ్లవలసి వస్తే పైన చున్నీయో తువ్వాలో వేసుకోవచ్చని కనిపెట్టారు. ఏ సినిమా తారా దాన్ని ప్రచారం చేయలేదు. ఈ యాభై ఏళ్లలో మన ఇల్లాళ్లు తమ సౌకర్యం కోసం తామే తయారు చేసుకున్న ఫ్యాషన్ ఏదైనా ఉందంటే నా దృష్టిలో అదొక్కటే. దాని మీద పెద్దమనుషుల ఆగ్రహం ఎంతదూరం వెళ్లిందంటే, 2018లో పశ్చిమ గోదావరి జిల్లా తోకలపల్లిలో పగటిపూట నైటీ వేసుకున్న స్త్రీకి 2,000 రూపాయల జరిమానా, ఆ సంగతి చెప్పినవారికి 1,000 రూపాయల బహుమానం అని గ్రామ పెద్దలు కట్టుబాటు పెట్టారు. ఆడవాళ్లు నిజంగానే ఇష్టం వచ్చినట్టు వేసుకున్న ఒక్క బట్టకు దక్కిన మర్యాద ఇది.

చూడీదార్ కథ కూడా దాదాపు ఇంతే. మొదట్లో అది మన బట్ట కాదని ఇళ్లలో గొడవలు జరిగాయి, తర్వాత చూస్తుండగానే అదే చూడీదారు, చున్నీకి రెండువైపులా పిన్ను పెట్టి మరీ, చాలా కళాశాలల్లో నిబంధనగా మారింది. లంగా ఓణీ వదిలేశారని తిట్టినవారే ఇప్పుడు చూడీదారు వదిలేస్తున్నారని తిడుతున్నారు. ఉపాధ్యాయినులు చీరే కట్టాలన్న పట్టుదల కూడా చాలాచోట్ల ఉంది. కేరళ ఉన్నత విద్యాశాఖ 2021లో కళాశాల అధ్యాపికలను చీర కట్టి తీరాలని నిర్బంధించకూడదని స్పష్టం చేసింది. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ చీరే కట్టాను, ఇష్టంగానే కట్టాను. కుట్టు మిషను తొక్కుతూ పిల్లలకు నేర్పించే పనిలో కుచ్చిళ్లు ఎంత అడ్డమో మాత్రం ఎవరూ అడగలేదు.

1950ల్లో అమెరికాలో సాలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గీతల పొడవు పోల్చమని అడిగి చేసిన ప్రయోగం ఒకటుంది. గదిలో మిగిలినవారంతా కావాలనే తప్పు చెబితే, కళ్లకు నిజం కనిపిస్తున్నా చాలామంది ఒక్కసారైనా వారితో గొంతు కలిపారు. అయితే ఆ గుంపులో ఒక్కరు నిజం చెప్పినా లొంగిపోవడం బాగా తగ్గిపోయింది. మన పెళ్లిళ్లలో ఆ ఒక్కరు కావలసింది పద్దెనిమిదేళ్ల పిల్ల కాదు, ఆ పిల్ల తట్టుకోలేదు. ఇంటి పెద్ద కోడలో, పెళ్లికూతురి పెద్దమ్మో హల్దీకి తన పాత నేత చీరతో వచ్చి ముందు వరుసలో కూర్చుంటే, పసుపు చీర లేని బంధువులకు ఊపిరి ఆడుతుంది. వయసు, వరుస, ఇంట్లో మాట చెల్లుబాటు అన్నీ ఉన్న మా వయసు ఆడవాళ్లు చేయగలిగిన పని ఇది, ఇందులో ఖర్చు కూడా లేదు. పిలుపు సందేశాలు రాసే పిల్లలు రంగు పేరు తీసేసి ‘మీకు నచ్చిన చీర’ అని రాస్తే ఇంకా మంచిది.

చివరగా మీ పత్రికకు కూడా ఒక మనవి. మీ ఆదివారం అనుబంధంలో ‘ఈ వారం ట్రెండ్’ అంటూ వేసే పేజీలో కనిపించే అమ్మాయిలంతా ఒకే ఎత్తు, ఒకే రంగు, ఒకే కొలత. ఆ పేజీలో నెలకు ఒకసారైనా పాలకొండ రోడ్డు కూరగాయల బజారులో, ఆమదాలవలస రైల్వే స్టేషనులో, టెక్కలి బస్సులో కనిపించే మామూలు ఆడవాళ్లను, వారు ఒప్పుకుంటే, వారి సొంత కట్టుతో ఫోటో తీసి వేయండి. ఆ జాకెట్టు ఎక్కడ కుట్టించారో, ఆ రంగు మీద ఆ రంగు ఎందుకు వేసుకున్నారో వారినే అడిగి రాయండి. నా దగ్గరికి వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఆ బొమ్మలు కూడా ఫోనులో చూపిస్తే, కొలతలు తీసుకునేటప్పుడు మళ్లీ కాసేపు వాదించుకోవచ్చు.

భవదీయురాలు,
ఒక విశ్రాంత క్రాఫ్ట్ ఉపాధ్యాయిని,
శ్రీకాకుళం