ఆరాధనలో మనమంతా పాడదాం
అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మన చర్చిలో పెట్టే కొత్త సౌండ్ సిస్టమ్ గురించి చాలా మాట్లాడుకున్నాం. కీబోర్డు, డ్రమ్స్, లైవ్ స్ట్రీమ్ వద్దని నేననను. 19వ శతాబ్దంలోనే తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి గారు మన రాగాల్లో కీర్తనలు కట్టి, తెలుగువాళ్ల నోట దేవుని స్తుతి పలికించారు. అప్పటి సంస్కృతిని అలా వాడుకున్నారు, ఎంత గొప్ప సేవ! ఆ కీర్తనలు సంఘమంతా పాడింది. ఇప్పుడు స్టేజీ మీద నలుగురు పాడుతుంటే మిగతావాళ్లం ఫోన్లో వీడియో తీస్తున్నాం. నా బాధ అదే. బైబిల్లో రోమా 12:1 మన శరీరాలనే సజీవ యాగంగా సమర్పించుకోమంటుంది. 1963లో కాథలిక్ బిషప్పులు కూడిన రెండో వాటికన్ మహాసభ కూడా విశ్వాసులంతా ఆరాధనలో చురుగ్గా పాల్గొనాలనే కోరింది. వచ్చే ఆదివారం మొదటి రెండు కీర్తనలకు మైకులు తగ్గించి అందరం కలిసి పాడదామా? పాస్టర్ గారూ, క్వయర్ వాళ్లూ, మీ మాట చెప్పండి.