పది బటన్లూ తొమ్మిదే ఎందుకంటున్నాయి

అమ్మలూ,

నీ కాలిక్యులేటర్ నడిపి చూశాను. ఏ అంకె నొక్కినా డబ్బాలో 9 పడుతోంది. కిటికీలూ బటన్లూ గీసే పైథాన్ లైబ్రరీ టికింటర్ తప్పేమీ లేదు. 0 నుంచి 9 దాకా బటన్లు చేసే ఆ ఫర్ లూప్‌లోనే ఉంది తిరకాసు.

లూప్‌లో ప్రతి బటన్ కమాండ్‌కీ «లాంబ్డా: నొక్కు(అంకె)» అని ఇచ్చావు. లాంబ్డా అంటే పేరులేని చిన్న ఫంక్షన్. ఆ క్షణంలో ఉన్న విలువను లాంబ్డా మూటగట్టుకుంటుందని నీ లెక్క. పైథాన్ అలా చేయదు. పేరును మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది, విలువ వెతుక్కునేది బటన్ నొక్కాకే. అప్పటికి లూప్ ఎప్పుడో అయిపోయి అంకె 9 దగ్గర ఆగి ఉంటుంది. పది లాంబ్డాలూ వెళ్లి ఆ ఒక్క వేరియబుల్‌నే చూస్తాయి. జావాస్క్రిప్ట్‌లో లెట్‌తో రాసిన ఫర్ లూప్‌కి చుట్టుకో కొత్త వేరియబుల్ పుడుతుంది కాబట్టి అక్కడ ఈ బాధ ఉండదు. పైథాన్‌లో లాంబ్డా తీసేసి లూప్ లోపల డెఫ్‌తో పేరున్న ఫంక్షన్ పెట్టినా ఇదే గతి.

మందు చిన్నదే: «లాంబ్డా అంకె=అంకె: నొక్కు(అంకె)». డిఫాల్ట్ విలువను పైథాన్ లాంబ్డా తయారయ్యేటప్పుడే తీసుకుంటుంది. ఆ రాత ఎబ్బెట్టుగా ఉంటే ఫంక్‌టూల్స్ మాడ్యూల్‌లో, ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంట్‌ను ముందే అతికించి పెట్టే పార్షియల్‌తో «పార్షియల్(నొక్కు, అంకె)» అని రాయి. నా ఓటు దీనికే, ఎందుకంటే తర్వాత కీబోర్డు అంకెలకీ బైండ్‌తో (కీ నొక్కితే ఏ ఫంక్షన్ నడవాలో చెప్పే మెథడ్) ఇదే పని తగిలిస్తావు. బటన్ కమాండ్ నీ ఫంక్షన్‌కి ఏమీ ఇవ్వదు గానీ, బైండ్ మాత్రం ఈవెంట్‌ను, అంటే ఏ కీ నొక్కారో చెప్పే వివరాలను, మొదటి ఆర్గ్యుమెంట్‌గా పంపుతుంది. పై లాంబ్డానే అక్కడా ఇచ్చావనుకో, ఈవెంట్ వచ్చి అంకె స్థానంలో కూర్చుంటుంది. పిలుపు దగ్గర ఎర్రర్ రాదు, డబ్బాలో చెత్త పడుతుంది. పార్షియల్ అయితే ఒక ఆర్గ్యుమెంట్ ఎక్కువైందని టైప్‌ఎర్రర్ ఇచ్చి దొంగను అక్కడే పట్టిస్తుంది. బైండ్‌కి సరైన రూపం «లాంబ్డా ఈవెంట్, అంకె=అంకె: నొక్కు(అంకె)».

క్లియర్ బటన్ పనిచేయకపోవడానికి కారణం వేరు. «కమాండ్=తుడువు()» అని రాశావు. ఆ బ్రాకెట్ల వల్ల బటన్ తయారవుతున్నప్పుడే తుడువు ఒకసారి నడిచిపోయింది. అది రిటర్న్ చేసేదేమీ లేదు కాబట్టి కమాండ్‌కి నన్ (పైథాన్‌లో 'ఏమీ లేదు' అనే విలువ) దక్కింది. అందుకే ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. బ్రాకెట్లు తీసెయ్.

«5 సెకన్ల తర్వాత మెసేజ్ చెరిపెయ్» అన్నచోట టైమ్.స్లీప్(5) పెట్టావు. కాల్‌బ్యాక్ (బటన్ నొక్కితే నడిచే నీ ఫంక్షన్) తిరిగొచ్చేదాకా, కిటికీని నడిపే మెయిన్‌లూప్ ఇంకేదీ చూడదు. కిటికీ గీయడమూ, మౌస్ క్లిక్కులూ అన్నీ ఆగిపోతాయి. ఆఫ్టర్(5000, చెరుపు) అని రాయి, లెక్క మిల్లీసెకన్లలో. ఇక్కడా చెరుపు పక్కన బ్రాకెట్లు వద్దు. ఆఫ్టర్ ఇచ్చే ఐడీని దాచుకుని, ఈలోగా కొత్త మెసేజ్ వస్తే ఆఫ్టర్_క్యాన్సిల్‌తో పాతదాన్ని రద్దు చెయ్యి. లేకపోతే పాత గడువు వచ్చి కొత్త మెసేజ్‌ను తుడిచేస్తుంది.

కాల్‌బ్యాక్‌లో ఎర్రర్ వచ్చినా టికింటర్ ప్రోగ్రాం ఆగదు. ఎర్రర్ ఎక్కడొచ్చిందో చెప్పే ట్రేస్‌బ్యాక్‌ను టెర్మినల్‌లో పడేసి ముందుకెళ్తుంది. విండోస్‌లో డబుల్‌క్లిక్‌తో తెరవడానికి ఫైలు పేరు చివర పీవైడబ్ల్యూ అని ఎక్స్‌టెన్షన్ పెట్టావు కదా, దానికి టెర్మినలే ఉండదు, ఎర్రర్లన్నీ గాలికి పోతాయి. రూట్ విండోకి రిపోర్ట్_కాల్‌బ్యాక్_ఎక్సెప్షన్ అనే మెథడ్ ఉంది. దాని స్థానంలో మూడు ఆర్గ్యుమెంట్లు తీసుకుని మెసేజ్‌బాక్స్ చూపించే నీ ఫంక్షన్ పెట్టు. మిగతావి సరిచేసే ముందే ఇది చెయ్యి, సున్నాతో భాగించి చూస్తే పనిచేస్తోందో లేదో తెలుస్తుంది.

నాన్న